పాత కంప్యూటర్‌లో తెరవెనుక నడిచే ప్రోగ్రాములను ఎలా తగ్గించాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
మా ఇంటి విండోస్ 10 కంప్యూటర్‌లో ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంది. స్విచ్ వేశాక డెస్క్‌టాప్ కనిపించినా, హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మిణుకుమంటూ, చాలాసేపటి వరకు ఏ ఫైలూ తెరుచుకోవడం లేదు. వేటిని ఆపవచ్చో దయచేసి తెలుపగలరు.

జవాబు (విజయవాడ):
కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్ వస్తుందండి. అందులోని స్టార్టప్ విభాగంలో చాటింగ్ యాప్‌ల వంటివాటిని డిజేబుల్ చేస్తే అవి తొలగిపోవు, మీరు తెరిచినప్పుడే నడుస్తాయి. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లకండి.

మరో జవాబు:
క్రోమ్ వాడుతుంటే, మూసేశాక కూడా అది వెనుక నడవకుండా సెట్టింగులలోని సిస్టమ్ విభాగంలో ఆపవచ్చు. ర్యామ్ ఖాళీ చేస్తామనే క్లీనర్లు నా దృష్టిలో వృథా, ఎందుకంటే అవీ వెనుక నడిచేవే. అప్పటికీ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వినియోగం (డిస్క్ ఎంత తీరిక లేకుండా ఉందో చూపే అంకె) 100 శాతం దగ్గరే ఉంటే, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (అంతకంటే వేగంగా పనిచేసే డిస్క్) వేయించుకోవడమే మేలు.

ఇంకో జవాబు:
విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (భద్రతా అప్‌డేట్ల వంటివి) 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఖర్చు పెట్టేముందు అదీ చూసుకోండి.