‘పొమ్మనుటే చావు’ అనాలా, ‘పొమ్మనుటే చాలు’ అనాలా?

నీలిసిరా:
ఒక పాదం కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోంది, మీరే తేల్చాలి. వేమన ‘చంపదగినయట్టి శత్రువు తనచేత చిక్కెనేని కీడు సేయరాదు’ అందరికీ నోటికి వచ్చిందే, పేచీ అంతా మూడో పాదం దగ్గర. నాకు చిన్నప్పటి నుంచి ‘పొసగ మేలు చేసి పొమ్మనుటే చావు’ అనే గుర్తు. మా ఆవిడ ‘చాలు’ అంటుంది. ఇంట్లో ఉన్న రెండు ప్రతుల్లో ఒకదాంట్లో అలా, ఇంకోదాంట్లో ఇలా ఉంది. ఎందుకు అడుగుతున్నానంటే, లా కాలేజీ పిల్లల కోసం ఎన్‌కౌంటర్ల మీద, పోలీసు కాల్పులకు జవాబుదారీ ఎవరనే దాని మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను, ఈ పద్యంతోనే మొదలుపెడదామని. తప్పు పాఠం వెళ్తే బాగుండదు.

ఛందోమిత్ర:
గణాలు ఇక్కడ తీర్పు చెప్పవండీ. పొసగ, మేలు, చేసి మూడూ సూర్యగణాలు, పొమ్మను భగణం, టేచాలు తగణం, టేచావు అన్నా తగణమే, ఆటవెలది మూడో పాదం చివర కావలసిన రెండు ఇంద్రగణాలూ కుదిరాయి. యతి పొ-పొ, దానికీ ఢోకా లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఫార్వర్డుల్లో చాలామంది ‘పొమ్మనుటె’ అని పొట్టి చేసి రాస్తున్నారు, అప్పుడు ఇంద్రగణం కాని జగణం పడి పాదం కూలిపోతుంది. మీ వ్యాసంలో ‘టే’ దీర్ఘం తప్పనిసరి. లు, వు సంగతి అర్థం మీదే తేలాలి.

తాటాకు:
‘చాలు’ అండీ, ఇందులో వాదనే అక్కర్లేదు. పట్టుబడ్డ శత్రువుకి మేలు చేసి పంపెయ్, అంతకు మించి ఏం చెయ్యక్కర్లేదు అని వేమన చెబుతున్నాడు. ‘చావు’ అనేది పాడుకునేవాళ్లు తెచ్చిపెట్టిన విరుపు. మొదటి పాదంలో ‘చంప’ ఉంది కదా, చివర ‘చావు’ వస్తే సభలో చప్పట్లు పడతాయి. లేఖకుడి చేతిలో లు కాస్తా వు అయ్యుండొచ్చు కూడా.

ఛందోమిత్ర:
వ, ప కలిసిపోయాయంటే ఒప్పుకుంటాను, తాటాకులు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. లు పోయి వు అయిందంటే మాత్రం నమ్మను. పైగా ఎవరైనా కష్టమైన మాటను సులువు చేస్తారు గానీ సులువైనదాన్ని కష్టం చెయ్యరు. వదిలెయ్యడమే వాడికి చావు అనే ఆ ‘చావు’ దగ్గర మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి, ‘చాలు’ దగ్గర ఆ పని లేదు. నా ఓటు ‘చావు’కే.

మెదక్ వకీలు:
మీరు లు, వు దగ్గరే ఆగిపోయారు, ఆ పద్యమంతా ‘చిక్కెనేని’ మీద నిలబడి ఉంది. ‘చంపదగిన’ వాడని ముందే ఒప్పుకుంటున్నాడు చూడండి. అయినా చిక్కాక కీడు చెయ్యరాదు అంటున్నాడు. మన పాత నేర విచారణ స్మృతి, సీఆర్‌పీసీ, 46వ సెక్షన్ అచ్చం ఇదే గీత గీసింది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ అది అలాగే ఉంది. అరెస్టు చెయ్యబోతే ఎదురు తిరిగినప్పుడు కావలసినంత బలం వాడవచ్చు, కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేనివాణ్ని చంపే హక్కు అది ఇవ్వదు. అంటే చట్టంలో కూడా ‘చంపదగిన’ అనే మెట్టు ఒకటి ఉంది, అదీ పట్టుకునేటప్పటి మాట. పట్టుకున్నాక ఆ మెట్టు కూడా లేదు, వాడు కోర్టు మనిషి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ‘పొసగ మేలు’ అంటే నేను అదే అంటాను. పొసగ అంటే తగినట్టుగా, పద్ధతి ప్రకారం.

తాటాకు:
వకీలు సాబ్, ‘పొసగ’లో ఆ 24 గంటల మాట చెప్పే రాజ్యాంగం 22వ అధికరణం వెతకడం కొంచెం ఎక్కువే. వేమనకి మేజిస్ట్రేటు ఎక్కడివాడు?

మెదక్ వకీలు:
వేమనకి లేడు, మనకున్నాడు, అందుకే మన బాధ్యత ఇంకా ఎక్కువ. మా జిల్లా గిరాయిపల్లి అడవిలో 1975లో నలుగురు విద్యార్థులు ఎదురుకాల్పుల్లో పోయారన్నారు. పట్టుకున్న పిల్లల్నే చెట్లకు కట్టి కాల్చారని జస్టిస్ తార్కుండే నడిపిన పౌరుల కమిటీ తేల్చింది. తర్వాత భార్గవ కమిషన్ వేశారు, విచారణ మధ్యలోనే ఆగిపోయింది. ఎవరికీ శిక్ష పడలేదు. ‘చిక్కెనేని’ అన్న మాట వినగానే నాకు ఆ చెట్లే గుర్తొస్తాయి, మీకు ఎక్కువనిపిస్తే ఏం చెయ్యను.

బమ్మెర దారి:
‘చావు’ పాఠానికి నా దగ్గర సాక్షి ఉన్నాడు, పోతన. భాగవతం ప్రథమ స్కంధం, నిద్రపోతున్న ద్రౌపది పిల్లల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు తాళ్లతో కట్టి తెచ్చిన ఘట్టం. చంపదగిన శత్రువు, చేత చిక్కాడు, మన పద్యంలో పరిస్థితి అక్షరాలా అదే. అక్కడ పోతన ఏమన్నాడు? ‘ధనము గొనుట యొండె, దల గొఱుగుట యొండె, నాలయంబు వెడల నడచు టొండె’, ఈ మూడే శిక్షలు, ‘గాని చంపదగిన కర్మంబు సేసినం జంపదగదు’. సంస్కృత మూలంలో ఆ వెళ్లగొట్టడంతో సహా ఈ మూడింటినే వధ అన్నారు. వెళ్లగొట్టడం కూడా వధే అంటే పొమ్మనుటే చావు కాక మరేమిటి? ‘చంపదగిన’ అన్న మాట కూడా అక్కడా ఇక్కడా ఒకటే, అదీ ఆటవెలదే. వేమన చెవిలో ఆ పద్యం ఉండి తీరాలని నా నమ్మకం.

ఛందోమిత్ర:
అద్భుతం అండీ. ఇక ‘చాలు’ వాళ్లు సర్దుకోవచ్చు.

తాటాకు:
ఆగండాగండి. బమ్మెర దారి గారు పద్యం సగంలో ఎందుకు ఆపారు? ఆ తర్వాతి మాట ‘విప్రజాతి’. అశ్వత్థామ బతికింది బ్రాహ్మణుడు కాబట్టి. అదే పని ఇంకో కులంవాడు చేసి ఉంటే ఆ ధర్మం ఏమయ్యేదో మనకి తెలుసు. వేమన ‘శత్రువు’ అన్నాడు, ఊరుకున్నాడు, ఏ కులం శత్రువో చెప్పలేదు. ఇద్దరినీ ఒక గాట కట్టకండి. ‘ఏ వ్యక్తి ప్రాణమూ’ అని రాజ్యాంగం 21వ అధికరణం అన్నది వేమన వైపు మాట.

బమ్మెర దారి:
ఒప్పుకున్నాను, ఆ ధర్మం అందరికీ కాదు. కానీ పోతన గొప్పతనం ఆ పద్యంలో లేదు, ద్రౌపది నోట పలికించిన పద్యంలో ఉంది. ‘ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు’. నీ మీదికి దూకలేదు, చేతిలో ఆయుధం లేదు, యుద్ధభూమిలో లేరు, నీకు ద్రోహం చెయ్యలేదు, చీకట్లో నిద్రపోతున్న పిల్లల్ని చంపడానికి నీ చేతులెట్లాడాయి అని అడిగింది. ఒక్కో మాటా ఒక్కో ప్రశ్న. ఆత్మరక్షణ కోసం కాల్చామని ఎవరైనా చెబితే న్యాయమూర్తి అడగాల్సిన ప్రశ్నలు ఇవే కదా, వరసగా. అంత దుఃఖంలో అడిగి కూడా, వాణ్ని చంపొద్దు, వాడి తల్లి నాలా ఏడవకూడదు అంది.

మెదక్ వకీలు:
నీలిసిరా గారూ, ఇది మీ వ్యాసంలో పెట్టండి. 2009 ఫిబ్రవరిలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది ఇదే. పౌరహక్కుల సంఘం వేసిన కేసు. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఆ చావు మీద ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అవునా కాదా అన్నది దర్యాప్తు చేసే అధికారి కాదు, విచారణలో కోర్టు తేల్చాలి అన్నారు. దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు పెట్టింది, ఎఫ్ఐఆర్, సీఐడీ చేతో వేరే స్టేషన్ చేతో దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ, నిజం తేలేదాకా సాహస పతకాలు వద్దు. చదవడానికి బాగుంటాయి. స్టేషన్‌లో జరిగేది వేరు. చచ్చిపోయినవాడి మీద హత్యాయత్నం కేసు కడతారు, ఆ కాగితాన్నే ఎఫ్ఐఆర్ అంటారు. శవమే ముద్దాయి, ముద్దాయి చనిపోయాడు కనుక కేసు మూత. మానవ హక్కుల కమిషన్ 1996లోనే మన రాష్ట్రం కేసుల్లో ఈ పద్ధతిని తప్పు పట్టింది.

రిటైర్డ్ ఖాకీ:
ఇన్నాళ్లూ ఈ గ్రూపులో పద్యాలు చదువుకుని వెళ్లిపోయేవాణ్ని, ఇవాళ రాయాలనిపించింది. వేమన ‘చిక్కెనేని’ అన్నాడు సరే, చిక్కనివాడి సంగతేంటి? అవతలివాడు పేల్చినప్పుడు సెక్షన్ నంబరు గుర్తు రాదు. పక్కనున్నవాడు పడిపోవడం చూసినవాడికి తెలుస్తుంది ఆ టెన్షన్. ప్రతి కాల్పునీ హత్య అంటే డ్యూటీ ఎవరు చేస్తారు?

మెదక్ వకీలు:
అన్నా, మీ మాటకి నేను ఎదురు కాదు. చట్టం మీకూ నాకూ ఆత్మరక్షణ హక్కు సమానంగానే ఇచ్చింది, ప్రాణం మీదికి వస్తే చంపడం కూడా నేరం కాదు. కానీ మీరు నిజంగా ప్రాణం కాపాడుకోవడానికి కాల్చారు, ఇంకొకడు చేతులు కట్టేసినవాణ్ని కాల్చాడు, ఇద్దరూ ఒకే రిపోర్టు రాస్తున్నారు. విచారణే లేకపోతే మీ ఇద్దరికీ తేడా ఎవరు చెప్పాలి? 2015 ఏప్రిల్ 7 గుర్తుందా, ఆలేరు దగ్గర వరంగల్ జైలు నుంచి కోర్టుకి తెస్తున్న ఐదుగురు ఖైదీలు వ్యానులోనే పోయారు, ఆయుధాలు లాక్కోబోయారని చెప్పారు. సీట్లలో ఒరిగిపోయిన శవాల చేతులకు ఇంకా బేడీలున్న ఫోటోలు అందరం చూశాం. అదే రోజు శేషాచలంలో 20 మంది కూలీలు.

రిటైర్డ్ ఖాకీ:
ఆలేరు ఫోటోలు నేనూ చూశాను. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజాయితీగా చేసినవాడికి విచారణ భయం ఉండకూడదు, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే విచారణ ఏళ్లకేళ్లు సాగదియ్యకుండా తేల్చాలి.

పొద్దుటి డెస్క్:
పత్రికలో డెస్కు మీద పని చేసేవాడిగా ఒక మాట. పద్యం కన్నా మనం రోజూ రాసే ‘ఎదురుకాల్పులు’ నన్ను ఎక్కువ తినేస్తుంది. ‘ఎదురు’ అన్నామంటే అవతలివాళ్లు ముందు కాల్చారని మనమే సాక్ష్యం చెప్పినట్టు, రాత్రి పదకొండుకి పోలీసు ప్రకటన వస్తుంది, ఆ మాటే హెడ్డింగు అవుతుంది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, ఆ ఆడపిల్లకి జరిగింది తలచుకుంటే ఆ కోపం ఎవరికి లేదు? కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్య కేసులో విచారించాలని చెప్పింది. ‘ఎదురు’ అన్న మూడక్షరాలు మాత్రం అప్పటికే అచ్చయిపోయాయి.

తాటాకు:
మరి ఏం రాయాలంటారు? ‘బూటకపు ఎన్‌కౌంటర్’ అన్నా విచారణకి ముందే తీర్పు చెప్పినట్టే కదా.

పొద్దుటి డెస్క్:
అవును, అదీ రాయను. ‘పోలీసు కాల్పుల్లో నలుగురి మృతి’ అని పైన, ‘ఎదురుకాల్పులేనని పోలీసుల కథనం’ అని కింద. కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు, ఈ రెండూ ఎవరూ కాదనలేరు.

ఛందోమిత్ర:
‘కథనం’లోనూ చిక్కుంది. వినేవాడికి కథ అల్లారన్నట్టు ధ్వనిస్తుంది. ‘వాదన’ అనండి, కోర్టు మాట, ఇరుపక్షాలకీ సరిపోతుంది.

నీలిసిరా:
అందరికీ దండాలు. బమ్మెర దారి గారి సాక్ష్యంతో నేను ‘చావు’ వైపు మొగ్గుతున్నాను, తాటాకు గారి కులం ప్రశ్నను కూడా వ్యాసంలో పెడతాను. మా ఆవిడ ఇంకా ‘చాలు’ దగ్గరే ఉంది. పద్యం పక్కన ద్రౌపది పద్యం మొత్తం ఇస్తాను.

తాటాకు:
ద్రౌపది పద్యంలో ‘పిన్నపాపల’ అని వేస్తారా, ‘చిన్నపాపల’ అనా? నేను ‘పిన్న’ వైపు, యతి కూడా చూసుకోండి.

బమ్మెర దారి:
‘భద్రాకారుల బిన్నపాపల’ అండీ, ద్రుతం మీద సరళాదేశం. యతి చూడమన్నారు కదా, అది పిన్న, చిన్న దగ్గర పడదు; మొదటి అక్షరం భ, యతి పదమూడో అక్షరం మీద, ‘రణప్రౌఢ’లోని ప్రౌ దగ్గర, ఛందోమిత్ర గారు ఒకసారి గణాలు విడదీసి చెప్పండి.