"జెండా ఎగరేసి చూద్దాం" – దీన్ని తెలుగులో ఏమంటారు?

పెసరట్టు_ఉప్మా:
అమెరికా ఆఫీసు నుంచి వచ్చిన శిక్షణ పాఠాన్ని మా ప్లాంటులో సూపర్‌వైజర్ల కోసం తెలుగు చేస్తున్నానండీ. ఒకచోట 'లెట్స్ రన్ ఇట్ అప్ ద ఫ్లాగ్‌పోల్' అని ఉంది. నాకంటే ముందు చేసినాయన 'దీన్ని జెండా కర్రకు ఎక్కించి చూద్దాం' అని రాసి చేతులు దులుపుకున్నారు. షిఫ్టు మారేటప్పుడు చదివి వినిపిస్తే ఒక పెద్దాయన "ఆగస్టు పదిహేనుకి ఇంకా మూణ్నెల్లుంది కదమ్మా" అన్నాడు. ఒక ఆలోచనని పదిమందిలో పెట్టి, ఎవరేమంటారో చూడటం. దీనికి మీ ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఏమంటారు? నిఘంటువు మాట వద్దు, నోట్లో నలిగే మాట కావాలి.

రాత్రి_డెస్కు:
పత్రికల్లో దీనికి ఎప్పుడో మాట స్థిరపడిపోయింది: ఫీలర్. 'ఫీలర్లు వదులుతున్నారు' అని రాసేస్తాం. నేను డెస్కులో ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఫోన్ వచ్చేది. "ఫలానా పదవి ఫలానావారికి ఇచ్చే ఆలోచన ఉంది, వేసుకోండి. నా పేరు మాత్రం వద్దు." మేం 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని మొదలుపెట్టేవాళ్లం. మర్నాడు గోల లేస్తే అదే నోటి నుంచి ఖండన వచ్చేది. దాన్నీ వేసేవాళ్లం, లోపలి పేజీలో, కాస్త చిన్న అక్షరాల్లో. గోల లేవకపోతే వారం తిరక్కుండా ఉత్తర్వు. ఫీలర్ ప్రాణమంతా ఆ 'నా పేరు వద్దు'లోనే ఉంటుంది.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, మరి మా జిల్లాల సంగతేంది? 2016 ఆగస్టు 22 నాడు ముసాయిదా ఇచ్చిన్రు, 10 జిల్లాలను 27 జేస్తమని. జనగామల లొల్లి, గద్వాలల లొల్లి, సిరిసిల్లల లొల్లి. అక్టోబర్ 11 దసరా నాడు చూస్తే లెక్క 31 అయింది. జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్ కొత్తగ వచ్చి చేరినయ్. మాది జనగామ దిక్కే. ముందుగాల జనం ఏమంటరో చూసి తర్వాత మార్చిన్రు. గిది ఫీలర్ గాదా?

రాత్రి_డెస్కు:
కాదు తమ్ముడూ. సర్కారే ముద్ర వేసి, గడువు పెట్టి, 'అభ్యంతరాలుంటే చెప్పండి' అని బాహాటంగా అడిగింది. అది అభిప్రాయ సేకరణ. ఆంధ్రలో 2022 జనవరిలో 13 జిల్లాలను 26 చేసేటప్పుడూ అంతే, ముందు ముసాయిదా, ఏప్రిల్ 4 నుంచి అమలు. ఫీలర్‌కి గడువుండదు, అడిగినవాడూ ఉండడు.
మధ్యరకం ఒకటుంది. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో ముఖ్యమంత్రి, రాష్ట్రానికి బహుశా మూడు రాజధానులు వస్తాయేమో అన్న ధోరణిలో మాట్లాడారు. మూడు రోజులకి జి.ఎన్. రావు కమిటీ నివేదిక చేతికొచ్చింది. మంచిచెడ్డలు ఇక్కడొద్దు, మళ్లీ ఈ చర్చకి తాళం పడుతుంది. భాష వరకే చూడండి. చెప్పింది ఎవరో అందరికీ తెలుసు, కానీ 'ఏమో' అన్న ఒక్క అక్షరం జత వెనక్కి రావడానికి తలుపు తీసి పెడుతుంది. తెలుగులో ఇంత చవకైన సౌకర్యం ఇంకోటి లేదు.

తెనాలి_అమ్మాయి:
మీరంతా అసెంబ్లీ దాకా వెళ్లారు గానీ, ఇళ్లల్లో ఈ మాట రోజూ వాడతాం: కదిపి చూడటం. మా పెద్దమ్మ ఇందులో ఆరితేరింది. 'మీ అబ్బాయికి మా పిల్లని చేసుకుంటారా' అని జన్మలో నేరుగా అడగదు. గృహప్రవేశం భోజనాల్లో పక్కన కూర్చుని, గారె తుంచుతూ "ఏం వదినా, మీవాడికి ఇంకా చూడటం మొదలుపెట్టలేదా?" అంటుంది. అవతలావిడ "ఇప్పుడే ఏం తొందర్లే" అంటే, ఆ గారె నోట్లో వేసుకుని చీరల సంగతిలోకి వెళ్లిపోతుంది. "మీ ఎరికలో ఎవరైనా ఉంటే చెప్పండి వదినా" అంటే మాత్రం రెండో గారె ముట్టదు. ఇంటికొచ్చి పెదనాన్నతో "కదిపి చూశా, మెత్తగానే ఉన్నారు" అంటుంది. కుదరకపోయినా ఎవరి పరువూ పోదు. అసలెవరూ ఏమీ అడగలేదుగా!

కొండాపూర్_సెక్రటరీ:
మా ఆఫీసులో 'ఓ రాయి వేసి చూద్దాం' అంటాం. నేను వేసిన రాయి కథ చెబుతా. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 2,500 నుంచి 3,200 చేయాలి. నేరుగా చెబితే మీద పడతారని, వాట్సాప్ గ్రూపులో 'లిఫ్టు ఖర్చు పెరిగింది కదా, కాస్త పెంచితే బాగుంటుందని కొందరు అంటున్నారు' అని వదిలా. రెండు నిమిషాల్లో 304 నుంచి 'ఆ కొందరెవరు?'. 102 నుంచి 'నేనైతే అనలేదు'. 501 నుంచి 'మేమూ అనలేదు'. హాజరు పట్టీలో సంతకాలు పెట్టినట్టు వరసగా 22 ఫ్లాట్లు. మొత్తం ఉన్నవి 24. మిగిలింది నేనూ, దుబాయ్‌లో ఉన్న ఓనరూ. రాత్రి పదింటికి ఆయన కూడా 'నాట్ మీ' అని పెట్టాడు.

గోదారి_గట్టు:
😂 సెక్రటరీ గారూ, మీ రాయి తేనెతుట్టెకి తగిలింది. 'వస్తే కొండ, పోతే వెంట్రుక' అనుకుని ఉంటారు.

తెనాలి_అమ్మాయి:
ఆ సామెత ఇక్కడ నప్పదండీ. వెంట్రుకతో కొండని లాగేవాడికి కొండే కావాలి, ఎవరి మనసులో ఏముందో అక్కర్లేదు.

ఈసీఐఎల్_తాతయ్య:
ఈ ఫీలర్‌నే టీవీలో 'ట్రయల్ బెలూన్' అంటుంటారు కదా, అది ఉత్త అలంకారం కాదర్రా. 1783 డిసెంబర్ 1న పారిస్‌లోని ట్యూలరీస్ తోటలో జాక్ చార్లెస్ హైడ్రోజన్ బెలూన్ ఎక్కబోయే ముందు, గాలి ఎటు ఉందో చూడటానికి చిన్న ఆకుపచ్చ బెలూన్ ఒకటి వదిలించాడు. దాన్ని వదిలే గౌరవం తనకి పోటీదారైన మోంగోల్ఫియేకి ఇచ్చాడు. మనిషి ఎక్కేది తర్వాత, ముందు బుడగ.
మా ఇంటికి దగ్గర్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్‌ఆర్) వాళ్ల పరిశోధన బెలూన్ల కేంద్రం. వాళ్లవి 30 కిలోమీటర్లు దాటి పైకెళతాయి, పరికరాలు పారాచూట్‌తో ఎక్కడో పొలాల్లో దిగుతాయి. దొరికితే ముట్టుకోకండి, పోలీసులకి చెప్పండి అని పేపర్లో ముందే ప్రకటన వేస్తారు. రాజకీయాల బుడగ కూలినప్పుడు మాత్రం 'అది మాదే' అని ఎవరూ రారు.

డాలస్_దోసకాయ:
పెసరట్టు గారూ, ఒక్క నిమిషం. జెండా కర్ర మాట న్యూయార్క్ ప్రకటనల కంపెనీల నుంచి వచ్చింది. 1957 నాటి 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' సినిమాలో ప్రకటనల ఉద్యోగి పాత్ర నోట వినిపిస్తుంది, ఎవరైనా సెల్యూట్ కొడతారేమో చూద్దామని. అక్కడ అది పదిమంది స్పందన చూడటమే. కానీ ఇక్కడ మా ఆఫీసుల్లో చాలామంది దాన్ని 'పై వాళ్ల దాకా తీసుకెళ్తా, వాళ్లు ఒప్పుకుంటారేమో చూద్దాం' అనే అర్థంలో వాడుతున్నారు. మా మేనేజర్ అలా అంటే ఫైలు ఆర్నెల్లు కనబడదని లెక్క. మీ పాఠంలో ముందూ వెనకా ఏముంది?

పెసరట్టు_ఉప్మా:
ఇప్పుడే తీసి చూశా. కొత్త షిఫ్టు వేళల గురించి ఒక కార్మికుడు సలహా ఇస్తాడు. సూపర్‌వైజర్ ఆ మాట అంటాడు. తర్వాతి లైనులో ప్లాంట్ హెడ్ జవాబు ఉంది. అంటే దోసకాయ గారన్నదే! పదిమందీ లేరు, ఫీలరూ లేదు. ఇన్నాళ్లూ నేను లైను ఒక్కటే పట్టుకుని కూర్చున్నా.

ఓరుగల్లు_పోరడు:
గట్లయితే 'పెద్దసారు చెవిల ఏసి సూస్త' అని రాయక్కా, అయిపాయె.

పెసరట్టు_ఉప్మా:
అదే పెట్టేశా తమ్ముడూ: 'పెద్దసారు చెవిన వేసి చూస్తాను'. పొద్దున షిఫ్టులో చదివితే ఎవరూ జెండా గురించి అడగలేదు. ఆ పెద్దాయన మాత్రం "వేసి ఎన్నాళ్లైందమ్మా?" అన్నాడు.