టోక్యోలో నాన్నకి చికెన్ రామెన్ తినిపించాలి, పంది కలవకుండా ఎలా?

ఆమదాలవలస_కుర్రోడు:
అందరికీ నమస్తే. చెల్లి టోక్యోలో చదువుకోడానికి వెళ్ళి మూడు నెలలైంది, మార్చిలో నేనూ నాన్నా పది రోజులకి వెళ్తున్నాం. నాన్నకి కోడికూర అంటే ప్రాణం. పంది, గొడ్డుమాంసం మాత్రం ముట్టరు, తెలిసి తిన్నా తెలియక తిన్నా ఆయనకి ఒకటే బాధ. చెల్లి ఉండే వీధిలో చికెన్ రామెన్ (సూప్‌లో వేసి ఇచ్చే జపాన్ నూడుల్స్) షాపు ఉందట, కానీ తను మాంసం తినదు కాబట్టి ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. పేరు చికెన్ అని ఉంటే మొత్తం చికెనేనా? ఇంకో టెన్షన్ ఏంటంటే నాన్నకి పుల్లలతో తినడం రాదు, నెమ్మదిగా తింటారు. అక్కడ ఎవరైనా ఆయన్ని చిన్నచూపు చూస్తే నేను తట్టుకోలేను.

గజపతినగరం_నుంచి_కవసాకి:
తమ్ముడూ, ముందుగా ఒక మాట, పేరు చూసి నమ్మొద్దు. రామెన్ గిన్నెలో మూడు చోట్ల చూడాలి. ఒకటి సూప్, రెండు పైన పెట్టే మాంసం, మూడు అడుగున పోసే ఉప్పని రసం, దాని మీద వేసే నూనె. సూప్ అచ్చంగా కోడి బొమికలతో కాచినా పైన వేసే చాషూ ముక్కలు మామూలుగా పందివే. కొన్ని షాపులు కోడి చాషూ వేస్తాయి, కొన్ని రెండూ కలిపి వేస్తాయి. నూనెలో పందికొవ్వు కూడా ఉండొచ్చు. అందుకే చెల్లి చేత జపనీస్‌లో ఒక చీటీ రాయించి పెట్టుకో, "పందిమాంసం, పందికొవ్వు తినము, ఇందులో ఉన్నాయా" అని. నోటితో అడగాలంటే "బుతా హైత్తె ఇమాసు కా?" అను. బుతా అంటే పంది, తోరి అంటే కోడి.

నెట్‌లో వెతికేటప్పుడు ఉత్త "చికెన్ రామెన్" అని కొడితే 1958లో నిస్సిన్ అనే జపాన్ కంపెనీ వాళ్ళు తెచ్చిన ప్యాకెట్ నూడుల్సే ఎక్కువ వస్తాయి. "తోరి పైతాన్" అనో "తోరి సోబా" అనో వెతుకు. పైతాన్ అంటే బొమికల్ని గంటల తరబడి పెద్ద మంట మీద తెర్లబెడితే కొవ్వు నీళ్ళలో కలిసిపోయి పాలలా తెల్లగా, చిక్కగా అవుతుంది. సన్న సెగ మీద కాస్తే తేటగా వస్తుంది, అది చింతాన్. మన నాటుకోడి చారు తాగే మనిషికి చింతాన్ దగ్గరగా ఉంటుంది, నేనైతే నాన్నగారికి అదే చెప్తాను. తోంకొత్సు అని ఉంటే మాత్రం పంది ఎముకల సూపే, ఆ వైపు వెళ్ళొద్దు.

చిన్నచూపు సంగతి వదిలేయ్. అక్కడ నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రుకుని తినడమే పద్ధతి. చోడి అంబలి జుర్రుకుని తాగిన వాళ్ళం, మనకది కొత్తా?

బొబ్బిలి_అప్ప:
బాబూ, నేను మా అమ్మని తీసుకెళ్ళాను కాబట్టి చెప్తున్నాను. చాలా షాపుల్లో గుమ్మం దగ్గర టికెట్ మెషీన్ ఉంటుంది. ముందు డబ్బులు వేయాలి, అప్పుడే బటన్లు వెలుగుతాయి, ఎడమవైపు పైన ఉండేది సాధారణంగా ఆ షాపు ముఖ్యమైన వంటకం. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, పాత మెషీన్లు కొన్ని వాటిని తీసుకోవు. నేను కొత్త వెయ్యి యెన్ల నోటు పెడితే నాలుగుసార్లు వెనక్కి తోసేసింది, వెనక లైనులో ఆరుగురు, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు లోపలున్న కుర్రాడు బయటకి వచ్చి, ఏమీ అనకుండా పాత నోటు ఇచ్చి మార్చాడు. చిల్లర నాణేలు, పాత నోట్లు రెండు మూడు దగ్గర పెట్టుకో. మిగిలిన చిల్లర కోసం మీట తిప్పాల్సిన మెషీన్లు కూడా ఉంటాయి, మర్చిపోకు.

నెమ్మదిగా తినేవాళ్ళని పన్నెండూ ఒంటిగంటా మధ్య తీసుకెళ్ళకు. ఎనిమిది, పది కుర్చీలే ఉంటాయి, తినగానే లేచిపోతారు. తెరిచే వేళకే, పదకొండుకి వెళ్ళు. మధ్యాహ్నం మూడయ్యాక చాలా షాపులు సాయంత్రం దాకా మూసేస్తారు, సూప్ అయిపోతే ఇంకా ముందే మూసేస్తారు. "ఫోకు" అని అడిగితే ఫోర్కు ఇస్తారు, మా అమ్మకి ఇచ్చారు. ఒక్కటి గుర్తుపెట్టుకో, మనిషికో గిన్నె చొప్పున తీసుకోవాలి, ఒకటి కొని ఇద్దరూ పంచుకోవడం వాళ్ళకి ఇబ్బంది. చెల్లి తిననప్పుడు తనని లోపల కూర్చోబెట్టొద్దు.

పలాస_జీడితోట:
చీటీలూ అడగడాలూ నాకు నచ్చవు. నూడుల్స్ ఉడికించే నీళ్ళూ, గరిటెలూ ఒకటే అయినప్పుడు "లేదు" అన్న మాటకి ఏం విలువ? ఆయన అంత పట్టింపుగా ఉంటే హలాల్ బోర్డు ఉన్న రామెన్ షాపుకే తీసుకెళ్ళు, అక్కడ పంది ఉండదు. టోక్యోలో అసకుసా వైపు ఉన్నాయి. పెద్దాయన మనసు నిమ్మళంగా ఉంటేనే కదా రుచి తెలిసేది.

ఆమదాలవలస_కుర్రోడు:
పలాస అన్న చెప్పింది నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఆ బోర్డు ఉన్న దానికే పోదాం" అన్నారు. కాబట్టి మొదటిరోజు అసకుసా. అప్పా, సూప్ మొత్తం తాగకపోతే తప్పా? నాన్నకి బీపీ ఉంది.

బొబ్బిలి_అప్ప:
తప్పేం లేదు బాబూ. ఉప్పు బాగా ఎక్కువ, అక్కడివాళ్ళే చాలామంది వదిలేస్తారు. నాలుగు చెంచాలు రుచి చూడమను, కోడి ముక్కలూ నూడుల్సూ తినమను. తిన్నాక గిన్నె ఎదురుగా ఉన్న పై అరుగు మీద పెట్టి "గొచిసోసమా" (భోజనానికి థాంక్స్ అని) అంటే వంటాయన లోపల్నించి పలుకుతాడు. టిప్ ఇవ్వొద్దు, తీసుకోరు.