నెంబర్లు కలవని ల్యూగర్: కొనొచ్చా, కొత్త పూత వేయించొచ్చా?

డాలస్_తెలుగు:
ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో పాత జర్మన్ ల్యూగర్ పిస్టల్ చూశాను. టాగుల్ (కాల్చినప్పుడు మోకాలిలా మడిచి పైకి లేచే భాగం) మీద తయారీ కంపెనీ డీడబ్ల్యూఎం అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయి. చాంబర్ (తూటా కూర్చునే గది) మీద 1917, దానికి పైన 1920 అని ఇంకో సంవత్సరం. ఫ్రేమ్, బ్యారెల్ నెంబర్లు కలిశాయి. సైడ్‌ప్లేట్, ఒక టాగుల్ లింకు మాత్రం వేరే తుపాకీవి, మ్యాగజైన్ కూడా అంతే. అంచుల్లో నీలం పూత బాగా పోయింది. అమ్మేవాళ్లు "రీబ్లూ (మళ్లీ నీలం పూత) చేయిస్తే కొత్తదానిలా ఉంటుంది" అంటున్నారు. నా స్నేహితుడేమో నెంబర్లు కలవకపోతే అది ఒట్టి ఇనుమే అన్నాడు. మీరేమంటారు?

పాత_ఉక్కు:
మీ స్నేహితుడు కటువుగా చెప్పినా మాట నిజమే. ల్యూగర్ భాగాలను ఫ్యాక్టరీలో ఒక్కో పిస్టల్‌కి విడిగా అమర్చేవారు. అందుకే చిన్న భాగాల మీద సీరియల్ నెంబర్‌లోని చివరి రెండు అంకెలు కొట్టేవారు. రెండు భాగాల నెంబర్లు వేరైతే అది ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన పిస్టల్ కాదు, తర్వాత ఎవరో కలిపినది. కలెక్టర్ల ధర అడిగితే ఇవ్వకండి.

చరిత్ర_పిచ్చి:
ధర విషయంలో పాత_ఉక్కు గారితో పేచీ లేదు. "ఒట్టి ఇనుము" అన్న మాట మాత్రం ఒప్పుకోను. మీ పిస్టల్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ 1920 ముద్ర, దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.

అది తయారైన సంవత్సరం కాదు. 1917లో బెర్లిన్‌లో తయారైంది, మొదటి ప్రపంచ యుద్ధం చూసింది. వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని 1,00,000 మందికి కుదించింది. యుద్ధం నుంచి ఇళ్లకు చేరిన ఆయుధాలు అప్పట్లో ఊరూరా ఉన్నాయి. ఏది ప్రభుత్వానిదో తెలియాలని సర్కారు ఆయుధాల మీద 1920 అని కొట్టారు. అంటే ఓడిపోయిన దేశం తన దగ్గర మిగిలిన తుపాకులను గుర్తు పెట్టుకున్న ముద్ర అది. సైడ్‌ప్లేట్ మారినంత మాత్రాన ఆ చరిత్ర ఎక్కడికి పోతుంది?

భాగాలు మారడానికి దారులు చాలా ఉన్నాయి. పటాలాల్లో మరమ్మతులు జరిగేవి. రెండో యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాల్లో పట్టుబడిన పిస్టళ్లను విప్పి, పూత వేసి, నెంబర్లు చూడకుండా మళ్లీ బిగించారు. అయితే అలాంటివాటికి పూత మొత్తం కొత్తగా ఉంటుంది. మీరు చూసినదానికి పాత పూతే అంచుల్లో అరిగింది కాబట్టి అది ఆ దారిలో వచ్చినట్టు లేదు.

రీబ్లూ మాత్రం దయచేసి వద్దు. డీడబ్ల్యూఎం వాళ్లది నెమ్మదిగా తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించే రస్ట్ బ్లూ. ట్రిగ్గర్, సేఫ్టీ, ఎజెక్టర్ లాంటి చిన్న భాగాలను వేడి చేసి ఎండుగడ్డి రంగుకు తెచ్చేవారు. ఇప్పటి షాపుల్లో ముందు పాలిష్ పడతారు. దాంతో పదునైన అంచులు గుండ్రమవుతాయి, ముద్రలు పలచబడతాయి. ఆ పసుపు భాగాలు కూడా ఉప్పు ద్రావణంలో నల్లబడతాయి. తాళపత్రం మీద అక్షరాలు వెలిశాయని కొత్త సిరాతో దిద్దినట్టే అది.

ఒహాయో_కలెక్టర్:
ఇది మరీ మడి కట్టుకోవడం. జర్మన్ డిపోలే ఈ పిస్టళ్లకు మళ్లీ పూత వేశాయి. తర్వాత ల్యూగర్లు చేసిన మౌజర్ కంపెనీ కూడా 1937 ప్రాంతంలో రస్ట్ బ్లూ వదిలేసి సాల్ట్ బ్లూకి (వేడి ఉప్పు ద్రావణంలో ముంచే పూతకి) మారింది. వాళ్లు చేస్తే చరిత్ర, యజమాని చేస్తే పాపమా? నెంబర్లు ఎలాగూ కలవనప్పుడు పూత కోసం బాధపడటం ఎందుకు? తుప్పు తినేస్తుంటే చూస్తూ కూర్చోవాలా?

చరిత్ర_పిచ్చి:
డిపో పూత వేసింది ఆ పిస్టల్ వాడుకలో ఉన్నప్పుడు. అదీ దాని జీవితంలో భాగమే. ఈ రోజు వేసే పూత దాని మీద ఉన్న రుజువును చెరిపేస్తుంది, తేడా అక్కడే. తుప్పును ఆపడానికి నూనె, మెత్తని గుడ్డ చాలు. డాలస్ గారు చెప్పింది అరుగుదల గురించే, తుప్పు గురించి కాదు.

ఒహాయో_కలెక్టర్:
తుప్పు లేకపోతే సరే. కానీ గుంటలు పడిన తుపాకీకి పూత వేయించినవాణ్ణి తప్పు పట్టను.

పాత_ఉక్కు:
కొత్తవాళ్ల కోసం ఒక మాట. టాగుల్ పైకి లేచే ప్రతిదీ ల్యూగర్ కాదు. ఎర్మా కంపెనీ కేజీపీ 68 చూడటానికి అలాగే ఉంటుంది, కానీ అది యుద్ధం తర్వాతి మోడల్, లోపలి పని కూడా వేరు. జర్మన్ సైన్యం పిస్టల్ మీద "ల్యూగర్" అన్న పేరే ఉండదు, వాళ్లకు అది పిస్టోలె 08. ఆ పేరు కొట్టి ఉంటే అమెరికా వ్యాపారం కోసం చేసినదని అనుకోండి. "బ్లాక్ విడో" అంటూ నల్ల ప్లాస్టిక్ పిడితో ఎక్కువ ధరకు అమ్మే 1941, 1942 మౌజర్‌ల పేరు కూడా అంతే. అది జర్మన్లు పెట్టిన పేరు కాదు, అమ్మేవాళ్లు పెట్టుకున్నది.

సికింద్రాబాద్:
ఇలాంటిది మా ఇంట్లో షోకేస్‌లో పెట్టుకునే అవకాశం ఉందా?

పాత_ఉక్కు:
ఆ ఆలోచన మానుకోండి. ఇది 9 ఎంఎం పిస్టల్, ఆ సైజు మన దేశంలో నిషేధిత బోర్ (మామూలు లైసెన్సుకు ఇవ్వనిది). అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా చూసుకోవాలి. 50 ఏళ్లు దాటిన తుపాకీకి అక్కడ క్యూరియో (పాత సేకరణ వస్తువు) గుర్తింపు ఉంది, అయినా అది తుపాకీయే. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం.

డాలస్_తెలుగు:
నాకు గ్రీన్ కార్డు ఉందండి, ఆ టెన్షన్ లేదు. రీబ్లూ ఆలోచన వదిలేశాను. ధర తగ్గిస్తే కొంటాను. ఆ రెండు భాగాల మీద అంకెలు మార్చి ఇస్తామని కూడా అమ్మేవాళ్లు అంటున్నారు.

పాత_ఉక్కు:
అలా చేస్తే అసలు కొనకండి. పాత అంకెలు గీకేసి కొత్తవి కొట్టడం మోసం. ఉన్నది ఉన్నట్టు కొనండి. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా సైడ్‌ప్లేట్, లింకు, మ్యాగజైన్ వేరని కాగితం మీద రాసివ్వండి.

చరిత్ర_పిచ్చి:
ఈ ఒక్క విషయంలో మా ఇద్దరిదీ ఒకే మాట. కొన్నాక 1920 ముద్ర దగ్గరి ఫొటో ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.