గచ్చిబౌలిలో ఉద్యోగం, చేవెళ్లలో ఇల్లు: రోడ్డు వెడల్పైతే రోజూ కారులో తిరగొచ్చా?

ఔటర్ అవతల:
కొండాపూర్‌లో అద్దెలు భరించలేక చేవెళ్లలో ఇల్లు చూస్తున్నాం. ఆఫీసు గచ్చిబౌలి, కారు తప్పదు. హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ హైవే నాలుగు వరుసలవుతోంది కదా, ఇక ఢోకా లేదని మా బావమరిది హుషారు. మా ఆవిడ ససేమిరా అంటోంది. రోజూ తిరిగేవాళ్లు చెప్పండి, ఎవరి మాట వినాలి?

నార్సింగి నరకం:
ఆవిడ మాటే వినండి. చేవెళ్ల నుంచి అప్పా దాకా ఎంత తొందరగా వచ్చినా, అక్కడ మెహదీపట్నం వెళ్లేవాళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేవాళ్లు, సర్వీసు రోడ్డులో దూరేవాళ్లు అందరూ కలుస్తారు. ఔటర్ మీద 120 వేగం దాకా పోనిస్తారు. టోల్ కట్టి మరీ పోతాం. దిగాక నానక్‌రామ్‌గూడ దగ్గర మొదటి గేరులో పాకుతాం. ఇప్పుడు దారి పొడవునా విడివిడిగా వచ్చే కార్లు రోడ్డు వెడల్పయ్యాక గుంపుగా వచ్చి అప్పా దగ్గర పడతాయి, అంతే తేడా. పైగా రోడ్డు బాగుందని మీలాంటి వాళ్లు ఇంకెంతమంది అటు ఇళ్లు కొంటారో!

చేవెళ్లోణ్ణి:
అన్నా, గా రోడ్డు మీ ఆఫీసుల కోసమే ఉన్నట్టు మాట్లాడుతున్నరు. తాండూరు బస్సులు, కంకర టిప్పర్లు, కూరగాయల బండ్లు, కాలేజీ పోరగాళ్ల బైకులు, అన్నీ దాని మీదనే. నడుమ డివైడర్ లేదు. ఓవర్‌టేక్ చెయ్యాలంటే ఎదురొచ్చెటోని మీదికే పోవాలె. 2025 నవంబర్ 3న మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దితే 19 మంది పోయిండ్రు. మీకు పది నిమిషాలు మిగుల్తయా లేదా అన్నది మాకెందుకు? మాకు రోడ్డు కావాల్సింది పానాల కోసం.

ఊడల మర్రి:
ప్రాణాల మాటకు ఎదురు చెప్పను. కానీ ఆ దారిలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. వాటి కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ)లో ఏళ్ల తరబడి నడిచింది. రోడ్డు వద్దని ఎవరూ అనట్లేదు, చెట్లను ఉంచి పక్కన రెండో రోడ్డు వేయమంటున్నాం. డివైడర్ కావాలంటే ఆ మర్రి వరుసే డివైడర్.

చేవెళ్లోణ్ణి:
రాత్రిపూట ఎదురుంగ లైట్లు కొడుతుంటే మర్రి మొద్దు కనవడదన్నా. మీరు ఆదివారం ఫొటోలకొస్తరు, మేం రోజూ పోతం. అయినా చెట్లు కొట్టమని నేనన్ననా? ఎట్లనన్న జేసి రెండు దిక్కులా బండ్లను ఎడంగ పెట్టుండ్రి.

లింగంపల్లి లోకల్:
రైలు పేరు ఒక్కరూ ఎత్తరేం? ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు చాలావరకు లింగంపల్లిలోనే ఆగిపోతాయి గానీ పట్టాలు శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ దాకా ఉన్నాయి. నేను శంకర్‌పల్లిలో బండి పెట్టి రైలెక్కుతా. రైళ్లు తక్కువే, ఒకటి తప్పితే ఆ రోజు గోవిందా. కానీ స్టీరింగ్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. చేవెళ్లకు ఎలాగూ స్టేషన్ లేదు కాబట్టి ఇల్లేదో శంకర్‌పల్లిలోనే చూసుకోండి.

ఔటర్ అవతల:
అక్కడా చూశాం, మా బడ్జెట్‌కు అందలేదు. పొద్దున్నే ఏడు లోపల అప్పా దాటేసి, ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ చేస్తే?

నార్సింగి నరకం:
పొద్దున సంగతి సరే, సాయంత్రం? వాన పడ్డ రోజున ఆఫీసు సెల్లార్‌లోంచి రోడ్డెక్కడానికే గగనం. కొనకండి. ముందు ఒక వానాకాలం అక్కడ అద్దెకుండి తిరిగి చూడండి. మీ బావమరిదిని కూడా పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి.

చేవెళ్లోణ్ణి:
అద్దెకైతే మా గల్లీల ఒక పోర్షన్ ఖాళీగుంది. కారు పెట్టుకునే జాగనే లేదు.