నూర్ పట్టుబడ్డాక కూడా లండన్ ఎందుకు నమ్మింది?

నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు ఆక్రమించిన దేశాల్లో విధ్వంసం, గూఢచర్యం నడపడానికి 1940 జులైలో బ్రిటన్ పెట్టిన ఎస్ఓఈ (స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్) అనే రహస్య సంస్థ గురించి చదువుతున్నాను. 1943 జూన్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగిన నూర్ ఇనాయత్ ఖాన్ దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. అక్టోబరులో ఆమె దొరికిపోయింది. జర్మన్లు ఆమె వైర్‌లెస్ సెట్ మీదే లండన్‌కి సందేశాలు పంపుతూ పోయారు. లండన్ నమ్మి మరికొందరు ఏజెంట్లను పారాచూట్లతో దింపితే, వాళ్లు నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు.

శత్రువు బలవంతంగా పంపించట్లేదని తెలియడానికి సందేశంలో ముందే ఒప్పుకున్న గుర్తు ఒకటి ఉండాలి కదా! అంతకుముందే జర్మన్లకి దొరికిన మరో ఎస్ఓఈ వైర్‌లెస్ ఆపరేటర్ గిల్బర్ట్ నార్మన్ సెట్ నుంచి ఆ గుర్తు లేకుండా సందేశం వస్తే, మరిచిపోయావు జాగ్రత్త అని లండనే తిరిగి మందలించిందట. శత్రువుకి మనమే పాఠం చెప్పినట్టు!

ఇది వట్టి అలసత్వమా, కావాలనే చేశారా? రెండోది నాకంత నమ్మబుద్ధి కావట్లేదు. 1946లో లండన్ బేకర్ స్ట్రీట్‌లోని ఎస్ఓఈ ఆఫీసులో జరిగిన అగ్నిప్రమాదంలో చాలా ఫైళ్లు పోయాయి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో మిగిలినవాటిని ఎవరైనా చూశారా? హైదరాబాద్ నుంచి కాపీలు తెప్పించుకోవాలంటే ఎలా అడగాలో చెప్పగలరా?