వేలాడే కుండీలకు చిన్నపిల్లలే నీళ్లు పోసే దారేదైనా ఉందా?

బెంగళూరులో ఒక స్కూల్లో రెండో తరగతి టీచర్‌ని. వరండా కడ్డీకి మనీప్లాంట్, టేబుల్ రోజ్ కుండీలు వేలాడదీశాం. నీళ్లు తామే పోస్తామని పిల్లల పట్టు. చెయ్యేమో అందదు, స్టూల్ ఎక్కించాలంటే నాకు టెన్షన్. కప్పీ కట్టి తాడుతో కిందికి దించుదామంటే, తాడు జారితే కింద ఉండేది పిల్లల నెత్తి కదా! జారకుండా ఆగే కప్పీలు దొరుకుతాయా? లేక సీసా మూతకు చిల్లులు పెట్టి మట్టిలో బోర్లా గుచ్చితే శని, ఆదివారాలు గడుస్తాయా? ఎండాకాలం కొబ్బరిపొట్టు సాయంత్రానికే ఎండిపోతోంది. 2024 మార్చిలో ఇక్కడ మొక్కలకు తాగునీరు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అప్పటి నుంచి పిల్లల వాటర్ బాటిళ్లలో మిగిలినవే పోస్తున్నాం, కాబట్టి నీళ్లు కొద్దిగానే ఉంటాయి. కారి నేల జారుడు కాకూడదు కూడా. చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.